చెక్కగోడ మీద ఇరవై తొమ్మిది వాగ్దానాలు

జడ్సన్ మేస్త్రి తన చేత్తో ఎన్ని తలుపులకు పాలిష్ పెట్టాడో చెప్పలేడు గానీ, పెట్టకుండా వదిలేసిన గోడ ఏదంటే మాత్రం వెంటనే చెప్పగలడు. అది సొంత ఇంట్లోదే. ముందు గదికీ వంటగదికీ మధ్య నిలబెట్టిన టేకు చెక్కల అడ్డుగోడ. ముప్పై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఊరి చివర పాత మిషనరీల బంగళా విప్పుతుంటే ఆ చెక్కలు తెచ్చి బిగించుకున్నాడు. "రేపు పాలిష్ పెడతాలే" అని భార్య ఎస్తేరుతో ఆ రోజే అన్నాడు. ఊళ్ళో వాళ్ళ తలుపులన్నీ అద్దాల్లా మెరిశాయి. ఆ రేపు మాత్రం రాలేదు. పోయిన జులైలో ఎస్తేరు కన్నుమూసింది.

ఇప్పుడా గోడ చర్చికి పోతోంది. ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో కొత్త చర్చి లేచింది. ప్రసంగం చెప్పే చోట వెనకాల చెక్కగోడ ఉంటే నిండుగా ఉంటుందని సంఘం పెద్దలు మాట్లాడుకుంటుంటే, వెనక బెంచీలో కూర్చున్న జడ్సన్ లేచి, "మా ఇంట్లోది తీసుకోండి, ఎస్తేరు పేరు మీద" అని చెప్పి మళ్ళీ కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి అందులో పెద్ద త్యాగమేమీ లేదు. వచ్చినవాళ్ళకు వంటగది కనపడకూడదనే కదా అడ్డుగోడ. ఇప్పుడు ఆ ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. పిల్లలు పుట్టలేదు. అన్నం వండుకునేదీ తనే, ముందు గదిలో కూర్చుని తినేదీ తనే. ఎవరి నుంచి దాచాలి ఆ పొయ్యిని?

వంటంటే గుర్తొచ్చింది. అతను రోజూ రెండు గ్లాసుల బియ్యం వండుతాడు. ఒక గ్లాసుకు సరిపడా తిని, మిగతాది పక్కింటి కామమ్మ కోళ్ళకు వేసి వస్తాడు. ఎస్తేరు నేర్పిన కొలత రెండు గ్లాసులు, అంతే. ఆమె పోయే ముందు ఆరునెలలూ మనిషి గయ్యాళిగా మారిపోయి, స్టూలు మీద కూర్చుని అతణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టి అరిచేది. "వేలు పెట్టి చూడు. నీళ్ళు కణుపు దాకా రావాల. అంత పెద్ద మేస్త్రివి, కణుపేదో తెలీదా?" జబ్బు మనిషి కదా అని ఓర్చుకున్నాడు. మనసులో మాత్రం కష్టపెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున సంఘం కార్యదర్శి నరేంద్రబాబు వచ్చి గోడ చూశాడు. ముందు గది వైపు, మనిషి ఎత్తు నుంచి మోకాలి దాకా, వరసలు వరసలుగా వాగ్దానం కార్డులు. ప్రతి జనవరి ఒకటో తారీఖు ఆరాధన అయ్యాక చర్చిలో బుట్ట తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసుకోవాలి. అందులో ఏ వాక్యం వస్తే అది ఆ ఏడంతా ఆ ఇంటికి వాగ్దానం. ఎస్తేరు ఏ ఏటికా ఏడు కార్డు తెచ్చి గోడకు అంటించేది. మొత్తం ఇరవై తొమ్మిది. ఈ ఏడు జడ్సన్ ఒక్కడే వెళ్ళి తీసుకున్న కార్డు ఇంకా అతని చొక్కా జేబులోనే ఉంది.

"శనివారం వ్యాను తెస్తామన్నా. ఈలోపల ఈ బంకంతా ఎట్టా పోతాదన్నా?" అన్నాడు నరేంద్రబాబు గోడను గోటితో గీకి చూస్తూ. "ముత్తుకూరులో చెక్క రుద్దే మిషనోళ్ళు ఉండారు. గంటలో రుద్ది పారేస్తారు."

జడ్సన్‌కు ఒళ్ళు మండింది. "గంటలో రుద్ది పారేస్తే చెక్క కూడా పోతాది నరేంద్రబాబూ. ఇది వందేళ్ళ టేకు. పైన ఆ రంగు రావడానికే వందేళ్ళు పట్టింది. మిషను పెడితే చర్మం వలిచినట్టే. నేను తీస్తాలే, నువ్వు పో."

"ఒక్కడివే తీస్తావా?"

"ఒక్కణ్ణేగా ఉండేది."

నరేంద్రబాబు వెళ్ళిపోయాడు.

జిగురు తీయడమంటే బలం చూపించడం కాదు. జడ్సన్ తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ మొదట చెప్పే మాట అదే. ముందు అది ఏ జిగురో తెలుసుకోవాలి. దానికి ఏది ఇష్టమో అది పెట్టాలి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. స్పిరిటు పోసి ఉప్పుకాగితం పట్టి తోమేవాడు మేస్త్రి కాదు, గిన్నెలు కడిగేవాడు. గోడ ముందు పీట వేసుకుని కూర్చుంటే, ఎస్తేరు కాపురమంతా జిగురుల లెక్కన కనిపించింది. పై వరసల్లో పదమూడు కార్డులు మైదా బంకతో అంటించినవి. అప్పట్లో ఇంట్లో ఉన్నది మైదాపిండే, దాన్నే ఉడికించి రాసేది. తర్వాత తొమ్మిది కార్డులు తెల్ల జిగురుతో. అది తన పనిపెట్టెలోంచి అడక్కుండా తీసుకున్నదే, సందేహం లేదు. కింద ఏడూ ప్లాస్టిక్ తొడిగిన కొత్త రకం కార్డులు. వాటికి నాలుగు మూలలా, రెండు వైపులా అంటుకునే దళసరి టేపు ముక్కలు.

మైదాకు ఇష్టమైంది గోరువెచ్చటి నీళ్ళు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, కార్డు మీద పరిచి, పావుగంట ఆగితే చాలు. కార్డు మెత్తబడి ఊడి వస్తుంది. కింద మిగిలిన బంకను పాత ఏటీఎం కార్డు అంచుతో చెక్క గీత వెంట నెట్టి, మళ్ళీ తడిగుడ్డతో తుడవాలి. జడ్సన్ అలాగే చేశాడు. ఊడిన కార్డును పారేయకుండా పాత చీర మీద ఆరబెట్టాడు. వాక్యం ఉన్న కాగితాన్ని చింపకూడదు, కాలి కింద పడనివ్వకూడదు. అది ఎస్తేరు పెట్టిన కట్టడి. గుడ్డకు నల్లగా అంటుకుంటోంది. వంటగది పొగ కదా, ఇన్నేళ్ళ మసి అనుకుని ఇంకా శ్రద్ధగా తుడిచాడు. మంగళవారం సాయంత్రానికి పదమూడు చోట్లా చెక్క ముద్దొచ్చేట్టు తేలింది. బకెట్లో నీళ్ళు నల్లగా మారాయి. చాలా రోజుల తర్వాత అతనికి పని చేసిన తృప్తి కలిగింది. ఆ మాట చెప్పుకోవడానికి వంటగది వైపు తిరిగి, ఎవరూ లేరని గుర్తొచ్చి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

బుధవారం తెల్ల జిగురు పట్టాడు. అది మొండిది. వేడి నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి, గుడ్డ ముంచి, అరగంట కదలకుండా పెట్టాలి. అప్పుడది ఉబ్బి, రబ్బరు పొరలా లేస్తుంది. మొదటి కార్డు ఊడదీశాక, చెక్క మీద మిగిలిన జిగురు పొరను వెదురు బద్దతో లేపి, ఎక్కడా తెగకుండా మెల్లగా లాగాడు. చేతి వెడల్పున మొత్తం ఒక్కటిగా వచ్చింది. బాగా వచ్చిందే అని వెనక్కి తిప్పి చూశాడు.

పొర వెనక ఏవో గీతలు ఉన్నాయి. పెన్సిల్ గీతలు. అక్షరాల్లాగానే ఉన్నాయి గానీ తిరగబడి ఉన్నాయి. చెక్క మీద పెన్సిలుతో రాసినదాన్ని జిగురు తనతో లాక్కొచ్చిందని అర్థం కావడానికి మేస్త్రికి ఎంతసేపు పడుతుంది? పెరటి తలుపు దగ్గర గెడ్డం గీసుకునే అద్దం వేలాడుతోంది. పొరను రెండు చేతులా పట్టుకుని వెళ్ళి అద్దానికి చూపించాడు. గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా, ఐదో తరగతి దాకా చదివిన ఎస్తేరు అక్షరాలు.

"తండ్రీ, ఆయన్ని నాకంటే ముందు తీసుకో. 1-1-2010."

జడ్సన్ మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అదే ఉంది.

రెండో పొర తీశాడు. "మళ్ళీ అదే అడుగుతుండా తండ్రీ. ఆయన్నే ముందు." మూడోది. "మరిచిపోవద్దు. ముందు ఆయన." మధ్యాహ్నం అన్నం వండటం మానేసి తొమ్మిది పొరలూ తీశాడు. తొమ్మిదేళ్ళూ తొమ్మిది వాగ్దానాలు పుచ్చుకుని, ఒక్కొక్క దాని వెనకాల దేవుణ్ణి ఆమె అడిగింది ఒకటే. మొగుణ్ణి చంపెయ్యమని.

ఎందుకు? అతనికి వెంటనే పై వరసలు గుర్తొచ్చాయి. అక్కడ కూడా రాసే ఉంటుంది. కారణం ఉంటే మొదట రాసినప్పుడే ఉంటుంది. పరుగున వెళ్ళి టార్చి తెచ్చి, వెలుగు పక్కవాటుగా పడేట్టు పట్టుకుని చూశాడు. పెన్సిలు నొక్కి రాస్తే చెక్క మీద పల్లం పడుతుంది, గీత పోయినా పల్లం ఉంటుంది. కానీ చెక్కకు పడిన నొక్కు లేవాలంటే తడిగుడ్డ వెయ్యాలని పదిమందికి నేర్పింది అతనే. ఇక్కడ తడిగుడ్డ ఒకసారి కాదు, నాలుగేసి సార్లు పడింది. చెక్క ఉబ్బి, సాపుగా, పుట్టినప్పటిలా ఉంది. ఎంత శుభ్రంగా చేశాడంటే పదమూడేళ్ళలో ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. పెరట్లో బకెట్ ఇంకా అలాగే ఉంది. ఆ నల్లనీళ్ళలో అతను మసి అనుకున్నది ఆమె రాతే. వాటిని పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.

గురువారం పొద్దున కామమ్మ నాలుగు కవళ్ళ చేపలు కొంగులో వేసుకుని వచ్చింది. ఆమె మొగుడు ఆదెయ్య పడవ మీద వేటకు పోతాడు. ఎస్తేరు పోయాక వారానికి రెండుసార్లు ఇలా చేపలు పెట్టి పోతుంది. కోళ్ళకు అన్నం పెడుతున్నందుకే అంటుంది గానీ, అది సాకు.

"నిన్న కోళ్ళు కాసుక్కూచున్నాయన్నా. అన్నం వండలా?"

జడ్సన్ చేపలు అందుకుంటూ, "కామమ్మా, ఎస్తేరు నా మీద నీకేమన్నా చెప్పిందా? కోపంగానో, బాధగానో?" అని అడిగాడు.

"ఏం చెప్తాదన్నా. ఎందుకట్టా అడుగుతుండావు?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాడు. కామమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అదేందన్నా! మాలో ఏ ఆడదైనా అమ్మోరికి మొక్కేది పసుపు కుంకాలతో పోవాలనే గదా. మొగుణ్ణి ముందు తీసకపొమ్మని ఎవురన్నా మొక్కుతారా?" అనేసి, అతని ముఖం చూసి నాలుక్కరుచుకుంది. "ఎస్తేరక్క అట్టాంటి మనిషి కాదన్నా. నీకు చదవడం సరిగ్గా రాలేదేమో. అద్దంలో గదా చూసినావు."

ఓదార్పు మాటే. కానీ అతను చదివినదాంట్లో తప్పు లేదు. ఆమె వెళ్ళాక అదే గోడ ముందు కూర్చుని తన కాపురాన్ని తిరగేశాడు. కొట్టలేదు. తాగలేదు. కానీ ఇంట్లో ఉన్నదెక్కడ? నెల్లూరులో ఒక బంగళా, కోట ఊళ్ళో ఒక కల్యాణ మంటపం, ముత్తుకూరులో ఆఫీసర్ల ఇళ్ళు. పదేసి రోజులు, ఇరవయ్యేసి రోజులు. వచ్చినప్పుడు స్పిరిటు కంపుతో వచ్చి, పెట్టింది తిని, పడుకుని, మళ్ళీ పోవడం. ఆమె ఒంటరిగా ఉన్నంత కాలం ఆమె ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. అట్టాంటి మొగుడు ఉంటే ఎంత, పోతే ఎంత అనుకుని ఉంటుంది. అనుకోవడానికి ఆమెకు హక్కుంది. ఎనిమిది నెలలుగా ఏ మనిషి కోసం బెంగపడుతున్నాడో ఆ మనిషికి తాను అక్కర్లేదన్నమాట. ఇంతకుముందు ఇల్లు ఖాళీగా ఉండేది. ఇప్పుడు గడిచిన ముప్పై ఏళ్ళు కూడా ఖాళీ అయిపోయాయి.

సాయంత్రం నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు. "మిషనోళ్ళను పంపించు."

"అదేందన్నా, చర్మం వలిచినట్టేనన్నావు?"

"వలిస్తే వలవనీ. రేపు పంపించు."

శుక్రవారం రెండు గంటలకు వస్తామని కబురు చేశారు. జడ్సన్ ఇంకేదీ చదవదలచుకోలేదు. కింద మిగిలిన ఏడు కార్డుల వెనక ఏముందో అతనికి తెలుసు. మిషను వస్తుంది, జిగురుతో పాటు ఆ రాతలూ పొడైపోతాయి, పీడ వదులుతుంది. పన్నెండు దాకా గట్టిగా అలాగే కూర్చున్నాడు. కానీ ఆ ఏడు కార్డుల మీదా వాక్యం ఉంది. వాక్యాన్ని మిషను కింద పెట్టి రుద్దించడమంటే చేతులు రాలేదు. ఎస్తేరు మీద ఎంత కోపం ఉన్నా, ఎస్తేరు పెట్టిన కట్టడి అతని ఒంట్లో అలాగే ఉంది. తిట్టుకుంటూ లేచి, కామమ్మ దగ్గర వల నేసే నైలాన్ దారం మూరెడు అడిగి తెచ్చాడు.

దళసరి టేపుకు బద్ద పనికిరాదు, చెక్క పెళ్ళ లేచిపోతుంది. ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా చేసి, పైన మందపాటి గుడ్డ వేసి మూల మీద ఆనించాలి. టేపు మెత్తబడ్డాక దారాన్ని కార్డుకూ చెక్కకూ మధ్య దూర్చి, రెండు చేతులా అటూ ఇటూ లాగుతూ కొయ్యాలి. మిగిలిన బంక మీద ఒక్క చుక్క నీలగిరి తైలం రాసి, మెత్తబడ్డాక వేలితో ఉండ చుట్టి తీసెయ్యాలి. టేపు మూలల్లోనే ఉంది కాబట్టి మధ్యలో రాసింది రాసినట్టే ఉంది. ఈసారి అద్దం అక్కర్లేదు. 2019, ఆయన్నే ముందు. 2020, అదే. 2021, లోకమంతా పోతుండారు, నన్ను మాత్రం ముందు తీసుకోవద్దు, ఆయన్నే. చదవకూడదనుకుంటూనే చదివాడు. ఆరు కార్డులూ ఊడాయి, ఆరూ ఒకటే పాట.

ఇక మిగిలింది మోకాలి ఎత్తులో ఉన్న చివరిది, పోయిన ఏటిది. నేల మీద పక్కకు ఒరిగి దారం లాగాడు. కార్డు చేతిలోకి వచ్చింది. కింద ఒక్క వాక్యం కాదు, కార్డంత మేరా రాత ఉంది. అక్షరాలు వణికాయి. ఇరుకిరుగ్గా, ఒకదాని మీద ఒకటి పడుతూ ఉన్నాయి. జడ్సన్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"తండ్రీ, ఇన్నేళ్ళూ అడిగిందే అడిగినాను. ఆయన్ని ముందు తీసుకో, నేను ఒంటరిగా ఉండి అలవాటైనదాన్ని, ఉండగలను, ఆయన ఒక్కడే ఉండలేడు అని. నెల్లూరు డాక్టరు నాకే ముందని చెప్పినాడు. ఆయనకి ఇంకా చెప్పలేదు. సరే, నీ ఇష్టం. ఆర్నెల్లు మాత్రం ఇయ్యి. ఆయనకి అన్నం వండటం రాదు."

జడ్సన్ నేల మీద అలాగే పడుకుని ఉన్నాడు. లేవలేదు. స్టూలు మీద కూర్చున్న ఎస్తేరు, రెండు చేతులూ పొట్ట మీద నొక్కుకుని, "కణుపు దాకా" అని అరుస్తున్న ఎస్తేరు కళ్ళముందు నిలిచింది. జనవరిలో అన్నం. ఫిబ్రవరిలో పప్పు. నొప్పితో సగం చచ్చి ఉంటూ, ఏప్రిల్లో చేపల పులుసు. చారు నేర్పుతుండగా జులై వచ్చేసింది. అతనికి ఇప్పటికీ చారు పెట్టడం రాదు. దాన్ని అతను గయ్యాళితనమనుకున్నాడు. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, చెక్కగోడ అడుగున మొహం పెట్టుకుని, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎనిమిది నెలలుగా తన నెత్తిన పడిందనుకున్న ఈ ఒంటరితనం, ఎస్తేరు తన కోసం ఇమ్మని ఇన్నేళ్ళుగా అడుక్కున్నది. అతని మీద పడకుండా తన మీద వేసుకుంటానని దేవుడితో బేరమాడింది. బేరం కుదరలేదు, అంతే. పై వరసల్లో తాను తుడిచేసిన పదమూడేళ్ళలో ఆ మాటే ఎన్ని రకాలుగా రాసి ఉంటుందో.  ఆ దుఃఖం ఇక తీరేది కాదని అతనికి తెలుసు.

బయట ఆటో ఆగింది. నరేంద్రబాబు, ఇద్దరు మనుషులు, ఒక మిషను. నరేంద్రబాబు లోపలికి వచ్చి గోడ చూసి ఆశ్చర్యపోయాడు. "అంతా తీసేసినావే అన్నా! ఇంక మిషను దేనికి?"

"దేనికీ వద్దు. వాళ్ళను పంపించెయ్."

"కిందేదో పెన్సిల్ రాత మిగిలినట్టుండాది. రబ్బరు పెట్టి తుడిచేద్దామా?"

"చెయ్యి పెట్టొద్దు!" జడ్సన్ అరిచిన అరుపుకు నరేంద్రబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. వంగి ఆ రాత చదివాడు. చదివి, బయటికి వెళ్ళి మిషను వాళ్ళను పంపించేశాడు.

ఆ సాయంత్రం జడ్సన్ పనిపెట్టె తెరిచి లక్క పాలిష్ సీసా తీశాడు. మిగతా గోడంతా అలవాటైన చేత్తో రుద్దుకుంటూ వచ్చాడు గానీ, ఆ ఏడు చోట్ల మాత్రం రుద్దలేదు. రుద్దితే పెన్సిలు చెదురుతుంది. దూది ఉండను పాలిష్‌లో ముంచి, గాయానికి మందు అద్దినట్టు అద్దాడు, ఆరనిచ్చాడు, మళ్ళీ అద్దాడు. మూడో పూతకు అక్షరాలు లక్క కింద కదలకుండా నిలిచిపోయాయి. ఇక తడిగుడ్డ పడినా పోవు. "రేపు" అని ముప్పై ఏళ్ళు దాటవేసిన పని పొద్దుగూకేసరికి అయిపోయింది. టేకు తేనె రంగులో మెరిసింది. చూడవలసిన మనిషి లేదు.

శనివారం వ్యాను వచ్చి గోడను తీసుకుపోయింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. ముందు గదిలో నిలబడితే పొయ్యి, పొయ్యి పక్కన స్టూలు సూటిగా కనబడ్డాయి. జడ్సన్ గిన్నె తీసి బియ్యం కొలిచాడు. రెండో గ్లాసు డబ్బాలో ముంచినవాడు ఆగి, దాన్ని మళ్ళీ డబ్బాలోనే ఒంపేశాడు. ఒక గ్లాసుకు ఎన్ని నీళ్ళో ఎస్తేరు చెప్పలేదు.  అయినా బియ్యం మీద వేలు ఆనించి, చెంబుతో నీళ్ళు పోస్తూ వచ్చి, కణుపు దగ్గరికి రాగానే ఆపాడు.

అన్నం సరిగ్గా ఉడికింది. కామమ్మ కోళ్ళకు మాత్రం ఆ రోజు ఏమీ మిగల్లేదు.